బావకు వెన్నులో స్క్రూలు వేయాలంటున్నారు: మామూలు సీ-ఆర్మ్ సరిపోతుందా, త్రీడీ యంత్రం ఉన్న చోటికి తీసుకెళ్ళాలా?

అక్విడెక్టు గట్టు | సోమవారం, ఉదయం 5:50

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి. ఈ రోజు రాయక తప్పడం లేదు.

మా బావ, అంటే అక్క భర్త, వయసు 41. కొబ్బరి దింపు పని. శనివారం మధ్యాహ్నం పి.గన్నవరం దగ్గర ఒక తోటలో చెట్టు మీద నుంచి పడ్డాడు. ఎంత ఎత్తని అడిగితే ఒకరు ఇరవై అడుగులంటారు, ఇంకొకరు ముప్పై అంటారు. పట్టుకున్న మట్ట ఊడి వచ్చిందట. కూర్చున్న మనిషి కూర్చున్నట్లే కింద పడ్డాడు. తోట యజమాని ఎక్కడ నేర్చుకున్నారో గానీ, కాళ్ళూ చేతులూ పట్టి ఎవరినీ ఎత్తనివ్వలేదు. మోటారు షెడ్డు తలుపు రెక్క ఊడదీయించి, అరటి బోదెను దొర్లించినట్లు ఒక్కసారిగా దాని మీదికి దొర్లించి వ్యాను ఎక్కించారు. ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఒక ఆసుపత్రిలో ఉన్నాడు.

సీటీ, ఎంఆర్ఐ తీశారు. నడుములో మొదటి పూస, ఎల్1 అంటున్నారు, నుజ్జయింది. ఒక ముక్క వెనక్కి, నరాల వైపు జరిగింది. కాళ్ళు కదుపుతున్నాడు, మూత్రం వస్తోంది. ఎడమ తొడ ముందు వైపు మాత్రం మొద్దుబారి ఉంది. దెబ్బతిన్న పూసకు పైన రెండు పూసల్లో, కింద రెండు పూసల్లో రెండేసి చొప్పున ఎనిమిది స్క్రూలు వేసి కడ్డీలతో బిగిస్తామన్నారు. బుధవారం ఆపరేషన్.

మా పెదనాన్న కొడుకు విశాఖపట్నంలో ఉంటాడు. అక్కడ ఒక చోట ఆపరేషన్ జరుగుతుండగానే చుట్టూ తిరిగి స్కాన్ తీసే యంత్రం ఉందట. స్క్రూ ఏ దారిలో వెళ్తోందో కంప్యూటర్ చూపిస్తుందట. ఇక్కడి డాక్టరు గారిని అడిగితే, మా దగ్గర ఎక్స్‌రే తీసే సీ-ఆర్మ్ ఉంది, దానితోనే చేస్తాం అన్నారు. ఆయన మంచివారే, చిరాకు పడలేదు. కానీ రాత్రంతా అక్క ఏడుస్తూనే ఉంది. 190 కిలోమీటర్లు తీసుకెళ్ళమంటారా?

రొయ్యల చెరువు | సోమవారం, ఉదయం 6:32

తమ్ముడూ, ముందు ఖర్చు కాగితం మీద రాయించుకోండి. యంత్రం పేరు ఎంత పొడుగుంటే బిల్లు అంత పొడుగుంటుంది. భీమవరంలో మా చెరువుకు గాలి కొట్టే యంత్రం అమ్మడానికి వచ్చినవాడు కూడా, ఇది పెడితే ఒక్క రొయ్య చావదు అన్నాడు.

సీ-ఆర్మ్ వెనకాల | సోమవారం, ఉదయం 7:15

పదహారేళ్ళుగా ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌ని. కాకినాడలో కొంతకాలం, ఇప్పుడు రాజమహేంద్రవరంలో. యంత్రం తిప్పేది నేనే కాబట్టి తెలిసినంత చెబుతాను. డాక్టర్లు ఎవరైనా ఉంటే దిద్దండి.

సీ-ఆర్మ్ అంటే ఇంగ్లీషు సీ అక్షరం వంపులో ఉండే ఇనుప చేయి. ఒక కొసన ఎక్స్‌రే గొట్టం, రెండో కొసన బొమ్మ పట్టే పళ్ళెం, మధ్యలో బోర్లా పడుకున్న రోగి. పక్క నుంచి ఒక బొమ్మ, పై నుంచి ఒక బొమ్మ తీసి, రెండింటినీ మనసులో కలుపుకుని సర్జన్ దారి చూసుకుంటారు. ఇబ్బంది ఒక్కటే, అది చూపించేది నీడను. గోడ మీద పడిన చేతి నీడను చూసి చేయి గోడకు ఎంత దూరంలో ఉందో చెప్పగలమా? అందుకే రెండు వైపుల నుంచీ చూడాలి. ఒక్క వైపు చూసి సరే అనుకున్నప్పుడే తప్పులు జరుగుతాయి.

దగ్గరగా చూసిన సంగతి ఒకటి చెబుతాను. పై నుంచి తీసిన బొమ్మలో ఒక్కో పూస గుడ్లగూబ ముఖంలా కనిపిస్తుంది. స్క్రూ దూరే పెడికిళ్ళు రెండూ కళ్ళు, మధ్యలో వెన్ను ముల్లు ముక్కు. ఆ ముక్కు రెండు కళ్ళకూ సరిగ్గా నడుమ లేకపోతే, యంత్రమైనా వంకరగా ఉన్నట్లు, పూసైనా తిరిగి ఉన్నట్లు. నేను ఒక్కో పూసకూ చేతిని కొద్దికొద్దిగా వాల్చుతూ ముక్కును నడిమికి తెస్తాను. కొందరు సర్జన్లు 'పర్వాలేదు, కానివ్వు' అంటారు. కొందరు ముక్కు నడిమికి వచ్చేదాకా పనిముట్టు చేతిలోకి తీసుకోరు. మీ బావకు ఆ రెండో రకం మనిషి దొరికితే చాలు.

ఇక ఆ చుట్టూ తిరిగే యంత్రాన్ని హైదరాబాదులో శిక్షణకు వెళ్ళినప్పుడు పది రోజులు చూశాను. ఓ-ఆర్మ్ అని ఒక రకం. గాజు గాజంత గుండ్రంగా, కాకపోతే మనిషి పట్టేంత పెద్ద చట్రం. ఒక వైపు తెరుచుకుని బల్ల చుట్టూ మూసుకుంటుంది. లోపల గొట్టం ఒక చుట్టు తిరుగుతుంది. అర నిమిషం లోపే అయిపోతుంది. ఆ కాసేపూ మేమందరం తలుపు బయటకు వెళ్ళిపోతాం, మత్తు డాక్టరు గారు రోగి ఊపిరిని క్షణాలపాటు ఆపుతారు. తిరిగి వచ్చేసరికి తెర మీద పూసలు అడ్డంగా కోసి పేర్చినట్లు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు, నిజం చెబుతున్నాను, ఇన్నేళ్ళూ నీడలతో కుస్తీ పట్టామా అనిపించింది.

లెక్కల మాస్టారు | సోమవారం, ఉదయం 8:04

రామచంద్రపురం నుంచి, రిటైరైన లెక్కల ఉపాధ్యాయుణ్ణి. వైద్యం తెలియదు కానీ కొలతలు చెబితే అర్థం చేసుకోగలను. ఆ దారి వెడల్పెంత? స్క్రూ లావెంత? 'చాలా ఖచ్చితం' అన్న మాట నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

వెన్నుపూస | సోమవారం, ఉదయం 10:41

మాస్టారికి నమస్కారం. మాది అమలాపురం, వెన్నెముక సర్జన్‌గా ప్రస్తుతం బయట పని చేస్తున్నాను. రోగి ఫిల్ములు నేను చూడలేదు. కాబట్టి ఇది సలహా కాదు, వివరణ.

పెడికిల్ అంటే పూసకు ముందున్న దిమ్మనూ వెనకున్న కమానునూ కలిపే ఎముక వంతెన. పూసకు రెండుంటాయి. స్క్రూ వెనక నుంచి ఈ వంతెన గుండా వెళ్ళి ముందున్న దిమ్మలో పాతుకోవాలి. వంతెనకు లోపలి పక్కన వెన్నుపాము లేదా నరాల కట్ట, కింది అంచును ఆనుకుని బయటకు వెళ్ళే నరం. దిమ్మను దాటి మరీ ముందుకు పోతే పెద్ద రక్తనాళాలు. ఎల్5 దగ్గర ఈ వంతెన వెడల్పు 15 మిల్లీమీటర్లు దాటుతుంది, రాజబాటే. ఛాతీ మధ్యలో, డి5 (ఛాతీ వెనక పూసల్లో అయిదోది) ప్రాంతంలో 4, 5 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. మీ రోగికి స్క్రూలు వేసే డి11, డి12, ఎల్2, ఎల్3లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి, పెద్దవాళ్ళలో సుమారు 7 నుంచి 10 మిల్లీమీటర్లు. వేసే స్క్రూ 5.5 లేదా 6.5 మిల్లీమీటర్ల లావు, 40, 45 మిల్లీమీటర్ల పొడవు. టైటానియం.

పెడికిళ్ళలో స్క్రూలు వేసే పద్ధతిని ఫ్రాన్సులో రాయ్-కమీల్ అనే సర్జన్ 1963లో మొదలుపెట్టారు. అప్పటికి సీటీ స్కానే లేదు, మనిషికి మొదటి సీటీ 1971లో తీశారు. అంటే చేతి స్పర్శే ఈ విద్యకు పునాది. ఇప్పటికీ దారి తొలిచాక, కొసన చిన్న గుండు ఉన్న సన్నని తీగలాంటి పనిముట్టుతో లోపల తడిమి చూస్తాం. నాలుగు గోడలు, ఒక నేల, ఐదూ గట్టిగా తగలాలి. ఎక్కడైనా మెత్తగా జారిందంటే గోడ పగిలినట్లే. యంత్రం ఎంత ఖరీదైనదైనా నేను ఈ తడమడం మానలేదు.

అయితే తడమడానికీ హద్దుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళలో, పూసలు మెలితిరిగిన గూని పిల్లల్లో, మెడలో, ఒకసారి ఆపరేషన్ అయి గుర్తులు చెరిగిపోయిన వీపులో, చిన్న కోతతో చేసే ఆపరేషన్లలో, థియేటర్లోనే తీసే త్రీడీ బొమ్మ నిజంగా కన్ను తెరిపిస్తుంది. అలాంటి కేసయితే నేనే విశాఖపట్నం వెళ్ళమనేవాణ్ణి. 41 ఏళ్ళ కష్టజీవి, ఎముక గట్టిది, వెన్ను ఇదివరకు తిన్నగా ఉన్నదే, స్క్రూలు వేసే పూసలు దెబ్బతినలేదు అంటున్నారు. అనుభవం ఉన్న చేతికి, రెండు వైపులా ఓపికగా బొమ్మలు తీయించే సర్జన్‌కు, ఇక్కడ సీ-ఆర్మ్ సరిపోతుంది. దారిలో కుదుపులకు ఆ ముక్క ఇంకొంచెం జరిగితే మాత్రం ఏ యంత్రమూ వెనక్కి తీసుకురాలేనిది పోతుంది.

లెక్కల మాస్టారు | సోమవారం, ఉదయం 11:20

ధన్యవాదాలు డాక్టరు గారూ. నా లెక్క చూడండి. దారి 8 మిల్లీమీటర్లు, స్క్రూ 6 అనుకుందాం. సరిగ్గా నడుమ పోతే అటు ఒకటి, ఇటు ఒకటి మిగులుతుంది. దారి పొడవు 20 మిల్లీమీటర్లనుకుంటే, 20కి 1 పక్కకు జరిగితే గోడ తగులుతుంది. కోణం సుమారు 3 డిగ్రీలు. గడియారంలో పెద్ద ముల్లు అర నిమిషంలో కదిలేంత. నలభై ఏళ్ళు పిల్లలకు కోణమానిని పట్టించాను, బల్ల మీద కాగితం పెట్టి గీసినా రెండు డిగ్రీలు తప్పేవారు.

వెన్నుపూస | సోమవారం, మధ్యాహ్నం 1:05

లెక్క బాగుంది, భయం మాత్రం కొంచెం ఎక్కువ పెట్టారు. పెడికిల్ ఇనుప గొట్టం కాదు. మధ్యలో సన్నగా ఉండి రెండు కొసలా విప్పారుతుంది. నరాల వైపున్న గోడ బయటి గోడ కంటే బాగా మందం, అందుకే స్క్రూ తప్పినప్పుడు తరచుగా బయటి వైపే చీల్చుకుంటుంది. ప్రకృతి కొంత మన పక్షానే ఉంది.

ఎంత తప్పింది అన్నదాన్ని కొలవడానికి 1990లో గెర్ట్‌జ్‌బైన్, రాబిన్స్ అనే ఇద్దరు ఒక కొలబద్ద ఇచ్చారు. పూర్తిగా లోపలే ఉంటే ఏ. 2 మిల్లీమీటర్ల లోపు బయటకు వస్తే బి. 4 లోపు సి, 6 లోపు డి, ఆపైన ఇ. ఏ, బి రెండింటినీ మేం సరైనవిగానే లెక్కిస్తాం.

రొయ్యల చెరువు | సోమవారం, మధ్యాహ్నం 1:30

మరి యంత్రంతో ఎన్ని సరిగ్గా పడతాయి, లేకుండా ఎన్ని పడతాయి? ఆ లెక్క ఎవరూ చెప్పడం లేదు.

వెన్నుపూస | సోమవారం, మధ్యాహ్నం 2:12

2007లో 130 అధ్యయనాలను, 37,337 స్క్రూలను కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. రోగుల మీద నావిగేషన్, అంటే కంప్యూటర్ దారి చూపే పద్ధతి, సాయంతో వేసినవాటిలో మధ్యస్థ విలువ 95.2 శాతం సరైనవి. అది లేకుండా వేసినవాటిలో 90.3 శాతం.

రొయ్యల చెరువు | సోమవారం, మధ్యాహ్నం 2:15

అంతేనా? అయిదు శాతానికా ఇంత హడావుడి!

లెక్కల మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:40

అబ్బాయీ, ఆ లెక్క తిరగేసి చూడు. నూటికి పది తప్పేవి అయిదుకు వచ్చాయి. తప్పులు సగానికి సగం తగ్గాయి. నీ చెరువులో చనిపోయే రొయ్యలు సగానికి తగ్గితే అయిదు శాతమే కదా అంటావా?

వెన్నుపూస | సోమవారం, మధ్యాహ్నం 3:02

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మాస్టారి సగం నిజమే. కానీ ఆ తప్పిన పదిలో ఎక్కువ భాగం కొద్దిగా తప్పినవే. రోగికి తెలియను కూడా తెలియదు. స్క్రూ సరిగ్గా పడటంలో యంత్రం గెలిచినంత స్పష్టంగా, ఏడాది తరువాత రోగి నొప్పిలో, నడకలో గెలిచిందని చూపడం కష్టమైంది. ఇది మా రంగంలో ఇప్పటికీ తెగని వాదన. యంత్రం అమ్మేవాళ్ళు మొదటి సగం చెబుతారు, యంత్రం లేనివాళ్ళు రెండో సగం చెబుతారు.

పూతరేకు | సోమవారం, రాత్రి 9:18

రోగికి తెలియను కూడా తెలియదు అన్నారు కదా డాక్టరు గారూ, తెలిసిన మనిషి కూతుర్ని. ఆత్రేయపురం మాది.

ఆరేళ్ళ క్రితం మా అమ్మకు పూస జారిందని నడుములో నాలుగు స్క్రూలు వేశారు. ఏ ఊరో, ఏ ఆసుపత్రో రాయను. మెలకువ రాగానే కుడి కాలు పట్టుకుని, కరెంటు తీగ చుట్టినట్లుంది అంది. ఆపరేషన్ నొప్పి అలాగే ఉంటుంది అన్నారు. రెండో రోజు పాదం పైకి లేవలేదు. వాపు, తగ్గుతుంది అన్నారు. నాలుగో రోజు నేను గొడవ పెట్టుకుంటే సీటీ తీశారు. ఒక స్క్రూ లోపలి గోడ చీల్చుకుని నరానికి ఆనుకుని ఉంది. మళ్ళీ మత్తు, మళ్ళీ అదే కుట్లు విప్పడం. స్క్రూ మార్చాక మంట తగ్గింది. పాదం సగం వచ్చింది. ఇప్పటికీ గడప దాటేటప్పుడు చెప్పు జారిపోతుంది, చేత్తో పట్టుకుని నడుస్తుంది.

నాకు శాతాలు తెలియవు. నేను అడిగేది ఒక్కటే. స్క్రూ వేసిన చోటే, కుట్లు వేయకముందే, ఆ బొమ్మేదో చూసి ఉంటే అక్కడికక్కడే మార్చేవారు కదా?

వెన్నుపూస | సోమవారం, రాత్రి 10:50

అమ్మా, అవును. మార్చేవారు.

థియేటర్లో తీసే త్రీడీ బొమ్మకు ఉన్న అసలు విలువ నా దృష్టిలో అదే. దారి చూపడం కన్నా, వేసినది ఎక్కడుందో కుట్లు వేయకముందే చూపడం. నాలుగో రోజు తెలిస్తే రెండో ఆపరేషన్. బల్ల మీదే తెలిస్తే పది నిమిషాల పని. త్రీడీ లేనిచోట కూడా చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి స్క్రూకూ రెండు వైపుల నుంచి బొమ్మ తీసి దాచడం, స్క్రూ తల మీద చిన్న కరెంటు ఇచ్చి కాలి కండరం స్పందిస్తుందేమో చూడడం. చాలా తక్కువ కరెంటుకే కండరం అదిరిందంటే గోడ పగిలి ఉండవచ్చు. మెలకువ రాగానే కొత్తగా కాలు మంట, పాదం బలహీనత అంటే 'వాపు' అని సర్దిచెప్పే ముందు స్కాన్ తీయాలి. మీ అమ్మగారి విషయంలో నాకు బాధగా ఉంది.

తాపీ కర్ర | మంగళవారం, ఉదయం 6:10

మేస్త్రీని. మండపేట. గోడ కట్టేటప్పుడు వరుస వరుసకూ తూకపు గుండు వేలాడదీసి చూస్తాం. కప్పు వేశాక గుండు తెచ్చేవాణ్ణి మేస్త్రీ అనరు.

గంటల పంచాంగం | మంగళవారం, ఉదయం 7:45

రోబోలు వచ్చాయి కదా, అవే వేస్తాయట, డాక్టరు చేయి కూడా అక్కర్లేదట. వార్తల్లో చూశాను. ఇంకా ఈ సీ-ఆర్మ్ గొడవ ఎందుకు?

వెన్నుపూస | మంగళవారం, ఉదయం 8:30

వెన్నెముక రోబోకు అమెరికాలో తొలి అనుమతి 2004లోనే వచ్చింది, కొత్తదేమీ కాదు. అవి స్క్రూ వేయవు. సర్జన్ గీసిన దారికి ఎదురుగా ఒక గొట్టాన్ని కదలకుండా పట్టుకుంటాయి, అందులోంచి తొలిచేది మనిషే. అదీ, నావిగేషనూ, రెండూ తీసిన బొమ్మనే నమ్ముకుంటాయి. చిక్కంతా అక్కడే.

ఎలాగంటే, రోగి వెన్ను ముల్లుకు ఒక చిన్న పట్టుకారు బిగిస్తారు. దాని మీద మెరిసే గోళీలు నాలుగైదు ఉంటాయి. పై నుంచి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఆ గోళీలనూ, నా చేతిలోని పనిముట్టు మీది గోళీలనూ చూసి, రెండింటి మధ్య దూరం లెక్కకట్టి తెర మీద గీత గీస్తుంది. తీరా నా మోచేయి ఆ పట్టుకారుకు తగిలి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. తెర మీద బొమ్మ మాత్రం చెక్కుచెదరదు. స్క్రూ పెడికిల్ నడిమధ్యన ఉన్నట్లే చూపిస్తుంది. తప్పును కూడా అంతే అందంగా చూపిస్తుంది. నాకే ఒకసారి జరిగింది. పనిముట్టు మొనను ముల్లు కొస మీద పెడితే తెరలో అది గాలిలో తేలుతోంది. మళ్ళీ స్కాన్ తీసి మొదటి నుంచి మొదలుపెట్టాం. అప్పటి నుంచి ప్రతి స్క్రూకు ముందూ తెలిసిన ఎముక గుర్తు ఒకదాన్ని ముట్టి, తెర కూడా అదే చెబుతోందా అని చూసుకుంటాను.

సీ-ఆర్మ్ వెనకాల | మంగళవారం, ఉదయం 9:05

ఒక్క మాట మా గురించి కూడా చెప్పనివ్వండి, ఎవరూ అడగరు. సీ-ఆర్మ్‌తో ఎనిమిది స్క్రూలంటే ఎన్ని బొమ్మలో. ప్రతి బొమ్మకూ రోగి ఒంటి మీద పడిన కిరణాలు చెదిరి మా మీదికి వస్తాయి. సీసపు ఏప్రాన్, మెడకు పట్టీ వేసుకుని మూడు గంటలు నిలబడితే విప్పాక చొక్కా పిండుకోవచ్చు. గొట్టం ఉన్న వైపు చెదురు ఎక్కువ, అందుకే కొత్త పిల్లలను పళ్ళెం వైపు నిలబడమంటాను. ఒక అడుగు వెనక్కి వేయండిరా అని అరుస్తాను, దూరం రెట్టింపయితే డోసు నాలుగో వంతవుతుంది. మా ఛాతీ మీద బ్యాడ్జి ఉంటుంది, అణుశక్తి నియంత్రణ మండలి లెక్క ప్రకారం అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు. త్రీడీ యంత్రం తిరిగేటప్పుడు మేం తలుపు బయట ఉంటాం కాబట్టి మా వాటా తగ్గుతుంది. రోగి వాటా పెరగవచ్చు. ఎవరి వాటా తగ్గాలన్నది కూడా ఈ లెక్కలో ఒక అంకె.

నిర్వాహకులు | మంగళవారం, ఉదయం 9:40

ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల ఫోను నంబర్లు ఉన్న మూడు వ్యాఖ్యలు తొలగించాం. వ్యక్తిగత సందేశాల్లో కూడా పంపవద్దని మనవి.

అక్విడెక్టు గట్టు | మంగళవారం, రాత్రి 8:25

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సాయంత్రం డాక్టరు గారు రౌండ్లకు వచ్చినప్పుడు ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని అడిగాను. కాగితం చూసి, ఎవరు రాసిచ్చారు అన్నారు. రామచంద్రపురం మాస్టారు, ఆత్రేయపురం అక్కయ్య, మండపేట మేస్త్రీ గారు అని చెబితే నవ్వారు.

ఇలాంటివి నెలకు ఎన్ని చేస్తారని అడిగాను, చెప్పారు. కొబ్బరి చెట్ల మీద నుంచి పడినవాళ్ళే తన దగ్గరికి ఎక్కువగా వస్తారట. ప్రతి స్క్రూకూ రెండు వైపులా బొమ్మ తీస్తారా, కుట్లకు ముందు చూస్తారా అని అడిగాను. తీస్తాను, తీసినవి నీకు చూపిస్తాను అన్నారు. ఆ మాటకే అక్క కుదుటపడింది. ఇక్కడే చేయిస్తున్నాం.

పూతరేకు | మంగళవారం, రాత్రి 8:50

మెలకువ రాగానే రెండు పాదాలూ పైకి లేపమని మీరే అడగండి తమ్ముడూ. నర్సు అడుగుతుందిలే అని ఊరుకోవద్దు.

అక్విడెక్టు గట్టు | గురువారం, ఉదయం 6:05

నిన్న ఉదయం 9 గంటలకు లోపలికి తీసుకెళ్ళి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బయటకు తెచ్చారు. మత్తులోనే ఉండగా పాదాలు లేపమన్నాను. రెండూ లేపాడు. అక్క అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

డాక్టరు గారు మాట నిలబెట్టుకున్నారు. సాయంత్రం తన గదిలో కంప్యూటర్ తెర మీద బొమ్మలు వరుసగా చూపించారు. గుడ్లగూబ ముఖాలు నిజంగానే కనిపించాయి టెక్నీషియన్ గారూ, నేనే ముందు గుర్తుపట్టాను. ఎడమ వైపు ఎల్2 దగ్గర ఆగి ఒక బొమ్మ చూపించారు. పక్క నుంచి చూస్తే పనిముట్టు మొన ఇంకా వంతెన దాటలేదు, పై నుంచి చూస్తే అప్పటికే కంటి లోపలి అంచును తాకేసింది. 'ముందు దిమ్మలోకి చేరకుండానే లోపలి అంచు దాటిందంటే నరాల గదిలోకి పోతున్నట్లు. బయటకు తీసి, కొంచెం బయటి వైపు నుంచి మళ్ళీ తొలిచాను' అన్నారు. తరువాతి బొమ్మలో స్క్రూ కంటి మధ్యలో ఉంది. ఆ రెండు బొమ్మలకూ మధ్య నాలుగు నిమిషాలు. కింద సమయం కూడా ముద్రపడి ఉంది.

సీ-ఆర్మ్ వెనకాల | గురువారం, ఉదయం 6:40

ఆ నాలుగు నిమిషాలు యంత్రం పట్టుకున్నవాడెవరో గానీ, వాడికి నా తరఫున టీ ఇప్పించండి.

అక్విడెక్టు గట్టు | శనివారం, మధ్యాహ్నం 12:10

మళ్ళీ కంగారొచ్చింది. నిన్న తీసిన సీటీ రిపోర్టు ఇప్పుడే చేతికొచ్చింది. డాక్టరు గారు థియేటర్లో ఉన్నారు. అందులో 'డి11 కుడి స్క్రూ బయటి గోడను 1.5 మిల్లీమీటర్లు దాటింది' అని ఉంది. బావకు కాలిలో నొప్పి లేదు. తొడ తిమ్మిరి కూడా కొంచెం తగ్గింది. కానీ దాటింది అని రాశారు. మళ్ళీ విప్పాలా?

లెక్కల మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 12:31

నాయనా, కంగారు పడకు. 2 లోపు కదా. బి.

వెన్నుపూస | శనివారం, మధ్యాహ్నం 12:58

మాస్టారు నా పని తేలిక చేశారు. రేడియాలజిస్టు కనిపించినది కనిపించినట్లు రాస్తారు, రాయాలి కూడా. బయటి వైపు, అంటే నరాలకు అవతలి వైపు. డి11 దగ్గర ఆ బయట పక్కటెముక మొదలు ఉంటుంది. పైగా సీటీలో లోహం తన చుట్టూ మెరుపు చిమ్ముకుని అసలు లావు కంటే కొంచెం లావుగా కనిపిస్తుంది. నొప్పి లేదు, బలహీనత లేదు. మీ సర్జన్ చూసి చెబుతారు, కానీ సాధారణంగా దీన్ని ముట్టుకోరు. మిగిలిన ఏడింటి గురించి ఏమి రాశారు?

అక్విడెక్టు గట్టు | శనివారం, మధ్యాహ్నం 1:04

ఏడూ లోపలే అని ఉంది. ఆ వాక్యం పైనే ఉంది, నేను చదవలేదు.

రొయ్యల చెరువు | శనివారం, మధ్యాహ్నం 1:20

బిల్లెంతయిందో చెప్పలేదు.

అక్విడెక్టు గట్టు | తరువాతి బుధవారం, సాయంత్రం 6:15

రొయ్యల చెరువు గారూ, బిల్లు వివరాలు మీకు విడిగా పంపాను.

ఈ రోజు ఇంటికి తెచ్చాం. నడుముకు బెల్టు వేశారు. నిన్న వరండాలో ఒకరి సాయంతో ఇరవై అడుగులు నడిచాడు, ఈ రోజు రెండు చుట్లు తిరిగాడు. ఎముక అతకడానికి నెలలు పడుతుంది, బరువులెత్తకూడదు, చెట్టు మాట తలపెట్టవద్దు అని డాక్టరు గారు ఇద్దరికీ వినబడేలా చెప్పారు. తోట యజమాని వచ్చి చూసి వెళ్ళారు. షెడ్డు తలుపు తిరిగి ఇచ్చేద్దామంటే, ఉంచండి, నేను కొత్తది పెట్టించుకున్నాను అన్నారు. ఇప్పుడు దాని మీదే పరుపు వేసి బావను పడుకోబెట్టాం, మంచం మెత్తగా కుంగుతోందని.

ఇందాక అన్నం తింటూ కాలి బంధం, కత్తి ఎక్కడ పెట్టారని రెండుసార్లు అడిగాడు. అక్క పులుసు వడ్డిస్తూ వినిపించుకోలేదు.